మా చిన్న ఇంట్లో వీణకు చోటెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటి బాధ ఒకటే: ఇల్లు చిన్నది, సామాను ఎక్కువ, సంగీత వాద్యాలకు చోటు లేదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది హైదరాబాదు కూకట్‌పల్లిలో రెండు పడక గదుల ఫ్లాట్. కాగితం మీద 900 చదరపు అడుగులు ఉన్నా, తిరగడానికి మిగిలే చోటు చాలా తక్కువ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు ఉంటాం. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొబ్బిలి వీణ, తెనాలి వైపు పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన మా మామగారి పెట్టె, బాబు నేర్చుకుంటున్న మృదంగం, పాప కీబోర్డు, ఇవన్నీ ఈ ఇంట్లోనే సర్దాలి. ప్రస్తుతం వీణను సోఫా వెనుక మూలకు ఆనించి నిలబెట్టాం. దాని మీద ఆరిన బట్టలు పడుతున్నాయి. అటక మీద పెట్టేద్దామని మా వారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వీణ ముట్టుకుని నాలుగేళ్లు దాటింది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ మనసు చెప్పిందే సరైనది. వీణను అటక ఎక్కించకండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఇరవై ఏళ్ల కిందట విజయవాడలో పై అంతస్తు అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, చుట్టాలు వస్తున్నారని నా వీణను దుప్పటి చుట్టి అటక మీద పెట్టించాను. చుట్టాలు వెళ్లిపోయారు గాని వీణ దిగలేదు. ఆ వేసవి అంతా శ్లాబు వేడి నేరుగా దాని మీదే పడింది. దసరాకు మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజలో పెడదామని దింపి చూస్తే, తీగను నొక్కి స్వరం పలికించే మెట్లలో పై స్థాయివి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, మైనానికి దుమ్ము అంటుకుని గట్టిపడి ఉంది. వీణకు పొడవాటి మెడ లాంటి దండి మీద ఉండే 24 మెట్లనూ మైనంలోనే కూర్చుతారన్న సంగతి మీకు తెలిసిందే. తేనెమైనం పూర్తిగా కరగాలంటే వేడి 60 డిగ్రీలు దాటాలి గాని, మెత్తబడి మెట్టు జారడానికి అంత వేడి అక్కరలేదు. మళ్లీ మేళం కట్టించడానికి, అంటే మెట్లను శ్రుతికి సరిపడేలా కూర్చించడానికి, వీణలు బాగు చేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన ఒక్కొక్క మెట్టునూ వెచ్చని మైనంలో నొక్కి, తీగ మీటి, చెవి దగ్గర పెట్టి విని, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ మీటి చూసేవారు. ఒక మెట్టు సరిపడితేనే తరువాతి దానికి వెళ్లేవారు. ఆ పని జరుగుతున్నంతసేపూ నేను పక్కన కూర్చుని, ఇంత సున్నితమైన వస్తువును పాత బకెట్ల పక్కన ఎలా పడేశానా అని సిగ్గుపడ్డాను.

మెట్లు బాగుపడ్డాయి గాని, ఆ ఆరు నెలల సాధన తిరిగి రాలేదు. మన ఇళ్లలో వాద్యాలకు జరిగే అసలు నష్టం ఇదేనని నా నమ్మకం. చేతికి అందకుండా పెట్టిన వాద్యం పాడవడం తరువాత సంగతి, ముందు వాయించడం ఆగిపోతుంది. మీరు నాలుగేళ్లుగా వీణ ముట్టుకోకపోవడానికి తీరిక లేకపోవడం ఒక కారణం అయి ఉండవచ్చు. ఆ వీణ తీయాలంటే సోఫా జరపాలి, బట్టలు తీయాలి, మరొకరి సాయం కావాలి అన్నది అంతకన్నా పెద్ద కారణం అయి ఉంటుంది.

అందువల్ల వీణను ఎక్కడ దాచాలని కాకుండా, మీరు ఎక్కడ కూర్చుని వాయించాలని ముందుగా ఆలోచించండి. ఈ ఆదివారం ఉదయం హాల్లో నేల మీద వీణతో కూర్చోండి. కుండ అనే పెద్ద గుండ్రటి భాగం కుడి పక్కన నేల మీద, రెండో చివరన ఉండే చిన్న బుర్ర ఎడమ తొడ మీద, కుడి మోచేయి ఎక్కడా తగలకుండా, ఎడమ చేయి మంద్ర స్థాయి నుంచి పైకి స్వేచ్ఛగా పోయి వచ్చేలా కూర్చుని, మీ బాబు చేత చుట్టూ సుద్దముక్కతో గీత గీయించండి. వీణ పొడవు నాలుగు అడుగుల పైచిలుకు ఉంటుంది కాబట్టి, ఆ గీత దాదాపు అయిదు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు వస్తుంది. అంటే ఒక చాప అంత చోటు. ఆ చాప పరచడానికి మీరు ఏ వస్తువునూ జరపనవసరం లేని చోటు ఇంట్లో ఎక్కడ ఉందో చూడండి. చాలా ఫ్లాట్లలో ఆ చోటు సోఫాకూ టీవీకీ మధ్యనే ఉంటుంది, దానిని టీపాయి ఆక్రమించి ఉంటుంది. మీ ఇంట్లోనూ అదే పరిస్థితి అయితే, సందేహించకుండా టీపాయిని తీసేయండి. కాఫీ గ్లాసులు, వార్తాపత్రికలు, రిమోట్లు తప్ప దాని మీద సాధారణంగా మరేమీ ఉండవు. వాటికి ఒక గోడ అర సరిపోతుంది.

చోటు కుదిరిన తరువాత వీణ నివాసం సంగతి చూద్దాం. మూలకు ఆనించి నిలబెట్టడం ముందు మానండి. కుండ బరువు కింద ఉంది గదా అని ధైర్యంగా ఉంటాం గాని, నున్నటి టైల్స్ మీద అది ఒక్క తోపుకు జారుతుంది. జారితే ముందు దెబ్బ తగిలేది దండి చివర చెక్కిన యాళి ముఖానికి, తీగలు బిగించే బిరడలకు. మీది బొబ్బిలి వీణ అన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ అయితే, విరిగిన భాగాన్ని మార్చడం మూడు భాగాలు అతికిన వీణలో ఉన్నంత సులభం కాదు. అటువంటి వస్తువుకు కుదురైన పడక ఉండాలి.

నేను గత పదేళ్లుగా పాటిస్తున్న ఏర్పాటు చెబుతాను. అయిదు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక ఒకటి కోయించి, కింద నాలుగు చిన్న చక్రాలు బిగించి, అంచుల చుట్టూ రెండు అంగుళాల చెక్క పట్టీ కొట్టించాను. పైన మడత పెట్టిన కంబళి పరిచి, దాని మీద వీణను వాయించే తీరుగానే, కుండా బుర్రా రెండూ ఆనేలా పెట్టాను. ముందు భాగంలో ఒక తాడు కట్టి ఉంటుంది. ఆ పలక మంచం కిందికి పోతుంది. తాడు లాగితే వీణ బయటికి వస్తుంది, ఎత్తి ఒడిలో పెట్టుకోవడమే తరువాయి. మొత్తం మీద అర నిమిషం పని. ఏ వడ్రంగి అయినా ఒక పూటలో చేసి పెడతాడు. అయితే మంచం కింద ఎంత ఎత్తు ఉందో ముందే కొలుచుకోవాలి. కుండ, దాని మీద తీగలను మోసే గుర్రం, కింద పలక, చక్రాలు అన్నీ కలిపిన ఎత్తు కన్నా మంచం పట్టె కనీసం రెండు అంగుళాలు పైన ఉండాలి. లేకపోతే మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేయండి. మన పెద్దవాళ్లు ధాన్యపు బస్తాలు తోయడానికి మంచాలకు చేసిన పనే ఇది. బుర్ర మరతో బిగించినది కాబట్టి ఊడదీస్తే ఎత్తు తగ్గుతుందని కొందరు చెబుతారు. ఏడాదికి ఒకసారి ఊరికి తీసుకువెళ్లడానికి అది బాగుంటుంది గాని, రోజూ ఊడదీసి బిగిస్తే మర అరిగిపోతుంది, పైగా ఆ విసుగుకే సాధన మానేస్తాం.

మీది పెట్టె మంచం అయితే వీణను దాని లోపల మాత్రం పెట్టకండి. పరుపు ఎత్తి తీయవలసిన వాద్యానికీ, అటక మీది వాద్యానికీ తేడా లేదు. అప్పుడు పలకను హాల్లోనే, సోఫా వెనుక గోడ వెంబడి ఉంచండి. సోఫాను ముందుకు అడుగున్నర జరపాల్సి వస్తుంది. టీపాయి పోయింది కనుక ఆ చోటు దొరుకుతుంది. పైన కప్పడానికి పాత నూలు చీర మేలు. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపలి తేమను బయటికి పోనివ్వదు. ఇల్లు తుడిచే అమ్మాయికి ఆ పలక కింద తడి మాపు పెట్టవద్దని ఒకసారి చూపించి చెప్పండి.

గోడ విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాన కొట్టే బయటి గోడ, స్నానాల గదిని ఆనుకున్న గోడ, వంటింటి పొగ తగిలే గోడ, మధ్యాహ్నం ఎండ పడే కిటికీ పక్క గోడ, ఈ నాలుగూ వద్దు. రెండు పడక గదుల మధ్య ఉండే లోపలి గోడ వాద్యాలకు అన్నిటికన్నా సుఖం. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా పనికిరాదు.

ఇక మృదంగం. పొడవు 22 నుంచి 24 అంగుళాలు ఉంటుంది కాబట్టి, పిల్లల గదిలోని బీరువా కింది అరలో అడ్డంగా పడుతుందేమో కొలవండి. నూలు సంచిలో పెట్టి, కింద పాత తువ్వాలును చుట్టలా చేసి అది దొర్లకుండా, రెండు ముఖాలకూ ఏదీ ఒత్తుకోకుండా ఉంచాలి. దాని మీద పుస్తకాల సంచులు పడేయకుండా బాబుకు నేర్పండి. చోటు కన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎడమ ముఖానికి వాయించే ముందు పెట్టే రవ్వ ముద్దను సాధన అయిపోగానే పూర్తిగా తీసి, పొడి గుడ్డతో తుడవాలి. పిల్లలు బద్ధకించి దానిని అలాగే వదిలేస్తారు. పెద్ద ఇంట్లో అయితే తెలియదు గాని, వంటింటికి నాలుగు అడుగుల దూరంలో మృదంగం ఉన్న ఇంట్లో ఆ రవ్వకు తెల్లవారేసరికి చీమలు పడతాయి, బొద్దింకలు చేరి తోలును కొరుకుతాయి. ఒకసారి తోలు చెడితే ఆ ముఖాన్ని మళ్లీ కొత్త తోలుతో మూయించుకోవలసిందే.

కీబోర్డుకు పెద్ద ఆలోచన అక్కరలేదు. 61 మెట్ల కీబోర్డు దాదాపు మూడడుగుల పొడవు ఉంటుంది. పాప చదువుకునే బల్ల కిందనే సొరుగులా లాగే పలక ఒకటి బిగించండి. స్టాండు అమ్మేయండి.

హార్మోనియం దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే అది చోటు ప్రశ్న మాత్రమే కాదు. పద్య నాటకం ఆడిన రోజుల్లో ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషి లేనిదే రాగం సాగేది కాదు. ఆ చేతులు తాకిన పెట్టెను మీ అత్తగారు ఏ కళ్లతో చూస్తారో మీకు తెలుసు. కాబట్టి దాని సంగతి మీరూ మీ వారూ కలిసి తేల్చకండి, ముందు ఆవిడను అడగండి. ఇంట్లోనే ఉండాలని ఆవిడ అంటే, టీవీ బల్ల కింది అరలో, తిత్తి మూసి కొక్కెం పెట్టి, గుడ్డ కప్పి, సమతలంగా ఉంచండి. దాని మీద ఏ వస్తువూ పెట్టవద్దు. వారానికి ఒకసారి అయినా తిత్తి ఆడించి అన్ని మెట్లూ పలికించండి. లోపలి రీడ్ల మీద దుమ్ము కూర్చోకుండా ఉండడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు, ఆ పని మీ అత్తగారే ఇష్టంగా చేయవచ్చు. ఎవరూ వాయించే అవకాశం లేదని ఆవిడకే అనిపిస్తే, మీ పేట గుడిలో భజన చేసే వారికి వాడుకోవడానికి ఇవ్వండి. వాయించే వారి చేతికి ఇవ్వడం మీ మామగారికి చేసే అమర్యాద ఎంతమాత్రం కాదు. నాకు తెలిసిన ఒక ఇంటివారు అలాగే ఇచ్చి, శనివారం భజనకు ఇంటిల్లిపాదీ వెళ్లి ఆ పెట్టె పలుకు విని వస్తారు.

చివరగా, నాలుగేళ్లు ఊరుకున్న తీగలను ఒక్కసారిగా శ్రుతికి లాగకండి. మూడు నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా బిగించండి. తుప్పు పట్టిన తీగలను మార్చేయండి, ఏడు తీగలకూ కలిపి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ప్రశ్న: విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చాను. స్నేహితుడితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను. రెండు మంచాలు, ఒక బీరువా పోగా నడవడానికే దారి లేదు. ఫొటోలలో చూసినట్టు వయొలిన్‌ను గోడకు తగిలించుకోవచ్చునా? రాత్రి పూట తప్ప సాధనకు వీలు కాదు, పక్క గది వారు విసుక్కుంటున్నారు.
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నాయనా, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన కళాశాల అది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పిన చోటు. అక్కడ నేర్చుకున్న చేయి గది ఇరుకని ఆగిపోకూడదు.

గోడకు తగిలించడంలో వాద్యానికి ప్రమాదం లేదు. తల దగ్గర పట్టుకునే మెత్తని కొక్కెం బిగిస్తే చాలు. కాని విశాఖలో సముద్రపు గాలికి ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. పెట్టె బయట వేలాడే వయొలిన్‌కు తీగలు తొందరగా తుప్పు పడతాయి, వానాకాలంలో అతుకులు వదులవుతాయి. అందువల్ల మీకు పెట్టెనే మంచిది. వయొలిన్ పొడవు రెండడుగులకు లోపే అయినా, కమాను పొడవు 29 అంగుళాల పైన ఉంటుంది గనుక పెట్టె 31, 32 అంగుళాలు ఉంటుంది. మంచం తలవైపు గోడకు, నడుము ఎత్తులో, ఆ కొలతకు ఒక అర కొట్టించుకోండి. బీరువా పైన పెట్టకండి, కుర్చీ ఎక్కి దించే పని అలసిపోయి ఇంటికి వచ్చిన రాత్రి ఎవరూ చేయరు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, అప్పుడప్పుడు మార్చండి. సాధన అయ్యాక తీగలను పొడి గుడ్డతో తుడిచి, కమాను వెంట్రుకలను వదులు చేయడం మరవకండి. ఊరికి వెళ్లినా నాలుగు తీగలనూ ఒకేసారి పూర్తిగా వదలవద్దు, లోపల నిలబెట్టిన పుల్ల పడిపోతుంది.

కూర్చోవడానికి రెండు మంచాల మధ్య చోటే గతి అయితే, ఎడమ భుజం గోడ వైపు ఉండేలా కూర్చోండి. మన పద్ధతిలో వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది, కమాను కుడి వైపుకు పోతుంది. అటు మూడడుగులు ఖాళీగా ఉంటే చాలు, ఎడమ పక్క ఎంత ఇరుకైనా ఫరవాలేదు. పరుపు మీద కూర్చుని మాత్రం వాయించకండి, ఒళ్లు కుంగి కమాను వంకర పోతుంది. ఇక పక్క గది వారి సంగతి. బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, వేలాడే బట్టలకు ఎదురుగా కూర్చుని వాయించండి, ఆ బట్టలు నాదాన్ని చాలా వరకు పీల్చుకుంటాయి. నాదాన్ని తగ్గించడానికి గుర్రం మీద పెట్టే రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కోండి. సరళీ, జంట వరుసలు, కమాను సాధన దానితో చేసుకుని, కృతులను ఆదివారం పగలు మ్యూట్ తీసి వాయించుకోండి. ఎప్పుడూ మ్యూట్‌తోనే వాయిస్తే చేతికి అసలు నాదం గుర్తు ఉండదు. ఒక సాయంత్రం పక్క గది వారిని పిలిచి రెండు కీర్తనలు వినిపించండి.

ప్రశ్న: మేము అమెరికాలో చికాగో దగ్గర ఒక పడక గది అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. రాజమండ్రి నుంచి తెచ్చుకున్న వీణను చోటు లేక హాల్లో వేడిగాలి వచ్చే జాలీ పక్కన పెట్టాను. చలికాలం మొదలయ్యాక బిరడలు జారిపోతున్నాయి, శ్రుతి పది నిమిషాలు నిలవడం లేదు. దండి మీద సన్నని గీత కూడా కనిపిస్తోంది.
ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదవగానే ఆ జాలీ దగ్గర నుంచి వీణను తీయండి. చలికాలంలో వేడి చేసిన గాలిలో తేమ ఉండదు. గోదావరి గాలికి అలవాటు పడిన పనసకర్ర ఎండి కుంచించుకుపోతుంది, బిరడ సన్నబడి రంధ్రంలో నిలవదు. మీ పడక గదిలో బట్టలు పెట్టుకునే క్లోజెట్ ఉంటుంది గదా, దాని అడుగున ఉన్న చెప్పుల పెట్టెలు తీసేసి, కంబళి మీద వీణను పడుకోబెట్టండి. బయటి గోడ వైపు, కిటికీ కింద వద్దు. గారేజీలోగాని, కారులోగాని ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. వీణ ఉన్న గదిలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, అది 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉండేలా, గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ నడపండి. అది పిల్లల జలుబుకూ మంచిదే గనుక ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు.

దండి మీది గీత పై పూతలోనే ఉంటే భయపడవలసినది లేదు. గోరు అందులో దిగబడుతున్నా, వారం వారం పొడవు పెరుగుతున్నా, తీగలను సగం వదులు చేసి, ఫొటోలు తీసి వీణ చేసిన వారికి పంపండి. బజారు జిగురు ఏదీ మీరే పోయకండి, తరువాత బాగు చేసేవారికి అది పెద్ద ఇబ్బంది అవుతుంది. జారుతున్న బిరడను ఒకటొకటిగా బయటికి తీసి, రంధ్రంలో ఆనే భాగానికి మామూలు సుద్దముక్క రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. గదిలో తేమ కుదుటపడే దాకా అర శ్రుతి తగ్గించి వాయించుకోండి.